పాసేజ్‌లో పొట్టేలు

సోమవారం పొద్దున ఇడ్లీ తింటూ శివకృష్ణ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ రోజు నుంచి పాసేజ్ తనే రాస్తాడు.

శివకృష్ణ మార్కాపురంలో వెంకటస్వామి నడిపే కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెప్తాడు. సెంటర్ అంటే పలకల దుకాణం పైన రెండు గదులూ ఒక వరండా. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష రాయబోయే పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చి చదువుకుంటారు. ఆ పరీక్షలో ఇంగ్లీషులో ఏదో ఒక సంగతి ఇచ్చి దాని కింద ప్రశ్నలు అడుగుతారు. దాన్నే పాసేజ్ అంటారు. లెక్కల్లో ఆరితేరిన పిల్లలు కూడా పాసేజ్ అనగానే మంచినీళ్ళు అడిగేవాళ్ళు.

తప్పు పిల్లలది కాదని శివకృష్ణ అభిప్రాయం. గైడులో ఉన్న పాసేజ్‌లన్నీ లండన్ పొగమంచు గురించో, సముద్రం అడుగున పగడాల గురించో ఉండేవి. క్లాసులో అందరికంటే శ్రద్ధగా చదివే రేణుక కూడా, "సార్, పగడమంటే ఉంగరంలో రాయి కదా, అది పెరగడమేంది సార్?" అని అడిగి, అక్కడే ఆగిపోయింది. మిగతా ప్రశ్నలన్నిటికీ వరసగా 'సి' అని పెట్టి ఇచ్చింది.

తెలిసిన సంగతి ఇస్తే భయం పోతుందని శివకృష్ణ అనుకున్నాడు. అనుకోవడంలో తప్పేమీ లేదు.

అతను రాసిన పాసేజ్ ఇది. పొదిలి దగ్గర ఒక ఊళ్ళో ఒక మనిషి పొట్టేలును తూకానికి అమ్మబోతూ, ముందురోజు దానికి ఉప్పు నాకించి, తెల్లవారి కడుపునిండా నీళ్ళు తాగించి కాటా ఎక్కించాడు. కొన్నవాడు దాన్ని ఇంటికి తోలుకుపోతుంటే దారి పొడవునా అది తేలికవుతూ పోయింది. అంతే కథ. కింద ఐదు ప్రశ్నలు. నాలుగో ప్రశ్న: ఆ మనిషి ఎటువంటివాడు? నిజాయితీపరుడు, జిత్తులమారి, దాత, ధైర్యవంతుడు.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ పాసేజ్‌ను ఇంట్లోవాళ్ళకు తెలుగులో చెప్పండి. నాలుగో ప్రశ్నకు వాళ్ళ జవాబేమిటో కనుక్కురండి" అని హోంవర్కు ఇచ్చాడు.

మంగళవారం పొద్దున్నే రేణుక తండ్రి మాలకొండయ్య మెట్లెక్కి వచ్చాడు. ఆయనది తర్లుపాడు దగ్గర పల్లె. గొర్రెల మంద ఉంది. వెనక రేణుక బ్యాగు కౌగిలించుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"సార్, మా పొట్టేలు సంగతి మీకెవరు చెప్పినారు?" అన్నాడు మాలకొండయ్య.

"ఏ పొట్టేలండీ?"

"ఉప్పు నాకిన పొట్టేలు."

శివకృష్ణకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అర్థం కానట్టు ముఖం పెట్టడానికి చాలా కష్టపడ్డాడు. "అది నేను కల్పించి రాసింది, మాలకొండయ్య గారూ. ఆ ఊరు పొదిలి దగ్గరిది. మీది తర్లుపాడు కదా!"

"ఊరు మారిస్తే పొట్టేలు మారుద్దా సార్? రాత్రి అన్నాల కాడ ఈ పిల్ల చదివి, నాయన ఎట్లాంటోడో చెప్పమని అందర్నీ అడిగింది. మా ఆడోళ్ళంతా జిత్తులమారి అన్నారు. మా అమ్మ గూడా."

"నాయన అని నేననలేదు నాయనా, ఆ మనిషి అన్నాను" అంది రేణుక.

"నువ్వు మాట్లాడబాకు. రేపట్నుంచి నీకు పాసేజ్‌లు వద్దు, ఏం వద్దు. మందకాడికి పా."

రేణుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఊరి నుంచి ఆడపిల్ల ఎవరూ యూనివర్సిటీ గడప తొక్కలేదు. పరీక్ష దగ్గర పడింది. శివకృష్ణ మాలకొండయ్య రెండు చేతులూ పట్టుకుని, ఆ పాసేజ్‌ను రద్దు చేస్తున్నానని, ఇక ముందు తన పాసేజ్‌లలో నాలుగు కాళ్ళ జీవమేదీ ఉండదని మాట ఇచ్చాడు. మాలకొండయ్య అప్పటికి ఊరుకుని, బిడ్డను క్లాసులో వదిలి వెళ్ళాడు.

శివకృష్ణ మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం ఇచ్చిన పాసేజ్‌లో ఒక మనిషి పాత మోటారు సైకిల్ మీటరు వెనక్కి తిప్పి, కొత్తదానిలాంటిదని అమ్మాడు. ఆ మనిషికి ఊరు కూడా పెట్టలేదు. ఆప్షన్లు మాత్రం పాతవే ఉంచాడు. మళ్ళీ టైపు చేయడం ఎందుకని.

బుధవారం పాల్ రాజు వచ్చాడు. కంభం రోడ్డులో ఆయనకు బండ్లు బాగుచేసే షాపు ఉంది. ఆయన కూతురు స్రవంతి కూడా ఇక్కడే చదువుతోంది. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో పానా అట్లాగే ఉంది.

"సార్, మీటరు తిప్పడం నేనొక్కణ్ణే కనిపెట్టినానా?"

"అందులో మీ పేరు లేదు కదండీ" అన్నాడు శివకృష్ణ, పానా వైపు చూస్తూ.

"పేరు లేకపోతే ఏంది సార్, పని ఉంది కదా! ఆ బండి నేను ఎవరికి అమ్మినానో ఆయన చెవిన ఇది పడితే ఏమైద్దో మీకు తెలీదు. ఆయన మీకు గూడా బాగా తెలిసినాయనే." అంతవరకు చెప్పి, ఎక్కువ చెప్పానని గ్రహించి, పాల్ రాజు పానా జేబులో పెట్టుకున్నాడు. "ఇంకేమన్నా రాసుకోండి సార్. ఇంజను ఉన్నది మాత్రం వద్దు."

జంతువులు వద్దు, ఇంజన్లు వద్దు. శివకృష్ణ చాలాసేపు ఆలోచించాడు. ఎవరినీ నొప్పించని వస్తువు లోకంలో ఒక్కటే కనిపించింది, మిఠాయి. ఒక ఇల్లాలికి చుట్టాలు మిఠాయి డబ్బా తెచ్చారు. ఆమె దాన్ని విప్పకుండా ఇంకొకరికి ఇచ్చింది. వాళ్ళు మరొకరికి ఇచ్చారు. డబ్బా ఊరంతా తిరిగింది, ఎవరూ తినలేదు. చదివి తనే నవ్వుకున్నాడు.

గురువారం పిల్లలు వరండాలో ఆ పాసేజ్‌ను పైకి చదువుతుంటే వెంకటస్వామి భార్య సామ్రాజ్యం విన్నది. వాళ్ళ కాపురం పక్క వాటాలోనే. సార్లకు రోజూ రెండు పూటలా టీ ఆమే పంపేది. ఆమె ఏమీ అనలేదు. టీ పంపలేదు, అంతే. లెక్కల సారు, సైన్సు సారు ఖాళీ ఫ్లాస్కు వైపు, తర్వాత శివకృష్ణ వైపు చూశారు.

మధ్యాహ్నం వెంకటస్వామి పిలిపించాడు.

"ఏం రాసినావయ్యా నిన్న?"

"మిఠాయి డబ్బా గురించండీ."

"మా ఇంట్లో సంగతులు నీకెందుకు?"

"అది మీ ఇంట్లో సంగతని నాకు తెలీదండీ."

"ఇప్పుడు తెలిసింది కదా!" వెంకటస్వామి గొంతు తగ్గించాడు. "చూడు నాయనా. మంగళవారం ఒకాయన వచ్చినాడు, నిన్న ఇంకొకాయన వచ్చినాడు, ఈ రోజు మా ఇంట్లోనే మొదలైంది. నీకు ఒక్క అవకాశం ఇస్తా. ఒక మంచోడి గురించి రాయి. ఏ తప్పూ చేయనోడు. దానికి గూడా ఎవరన్నా వచ్చినారంటే, సాయంత్రం గిద్దలూరు బస్సెక్కు, మీ ఊరికి పో."

మంచివాడి పాసేజ్ రాయడానికి శివకృష్ణకు మూడింతల సమయం పట్టింది. మంచివాడికి ఏమీ జరగడం లేదు. అతను అబద్ధం చెప్పలేదు, ఎవరినీ మోసం చేయలేదు, తనకు వచ్చింది తను తిన్నాడు. చివరికి ఎట్లాగో ముగించి, నాలుగో ప్రశ్న దగ్గర ఈసారి జాగ్రత్త పడ్డాడు. ఆ మనిషి ఎటువంటివాడని అడగలేదు. రచయిత ఈ మాటలు ఏ ధోరణిలో అన్నాడు అని అడిగాడు. పొగడ్త, జాలి, కోపం అని మూడు ఆప్షన్లు తట్టాయి. నాలుగోది ఏదో ఒకటి ఉండాలి కదా అని వ్యంగ్యం అని పెట్టాడు.

శుక్రవారం ఆ పాసేజ్ పిల్లల చేతుల్లో ఇళ్ళకు చేరింది. శనివారం అందరూ కలిసి వచ్చారు.

మాలకొండయ్య ముందు, పాల్ రాజు వెనక, వాళ్ళ వెనక ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన మరికొందరు తల్లిదండ్రులు. వెంకటస్వామి వరండాలో కుర్చీ వేయించుకుని తీర్పరిలా కూర్చున్నాడు. సామ్రాజ్యం గుమ్మంలో నిలబడింది. పిల్లలు తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. శివకృష్ణ తన బ్యాగు ముందే సర్దుకుని పక్కన పెట్టుకున్నాడు.

"మంచోడు, మంచోడు అని పేజీ నిండా రాసి, కింద వ్యంగ్యం అని పెట్టినాడంట! ఎవర్ని వెక్కిరిస్తా ఉండాడు ఈ సారు?" అన్నాడు మాలకొండయ్య. "జిత్తులమారి అంటే అన్నాడులే అనుకుని పోయినా. మంచోడు అంటే మాత్రం ఊరుకోను."

"నేను గూడా" అన్నాడు పాల్ రాజు.

వెంకటస్వామి శివకృష్ణ వైపు తిరిగి, "ఇంకేంది మరి, బస్సు టైమైంది" అన్నాడు.

అప్పుడు పిల్లల్లోంచి రేణుక ముందుకొచ్చింది. "నాయనా, సారు మాకు రోజూ ఒకటే చెప్తాడు. జవాబు పాసేజ్‌లో ఉండాలంట. లేంది మనం కలుపుకోకూడదంట. పొట్టేలు పాసేజ్‌లో నీ పేరుందా?"

"లేదు."

"మన ఊరి పేరుందా?"

"లేదు."

"మన మంద గురించి ఒక్క మాటన్నా ఉందా?"

"లేదు."

"మరి అది నీ గురించే అని ఎట్ల చెప్తావు?"

"ఉప్పు నాకించింది నేనే కదే!" అని అరిచాడు మాలకొండయ్య.

కింద దుకాణంలో పలకలు పేరుస్తున్న చప్పుడు పైకి వినబడింది.

"అన్నా," అన్నాడు పాల్ రాజు మెల్లగా. "ఏ పొట్టేలుకు నాకించినావు? నాకమ్మిన దానికేనా?"

మాలకొండయ్య కూతురి వెనక్కి జరిగాడు.

"నా తమ్ముడి పెండ్లికి కొన్నాను అన్నా నేను! కూర చాల్లేదని మా బావమరుదులు ఇప్పటికీ మాట్లాడరు!"

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా? మీటరు తిప్పి బండి అమ్మలా?"

"ఎవరికి?" అన్నాడు వెంకటస్వామి.

అందరి చూపులూ మెట్ల కింద నిలబెట్టి ఉన్న వెంకటస్వామి మోటారు సైకిల్ మీదికి పోయాయి. ఆయన కూడా అటే చూశాడు.

"అందుకేనా అది దర్శి పోయి వచ్చేలోపల మూడు చోట్ల నిలబడతాది?" అన్నాడు. "నేను పెట్రోలు మంచిది కాదనుకున్నానే!"

"ఎందుకులే సార్ ఇవన్నీ," అన్నాడు మాలకొండయ్య, కొంచెం ధైర్యం వచ్చి. "మీ ఇంట్లో అక్క మాత్రం? నా బిడ్డను ఇక్కడ చేర్చిన రోజు మైసూర్‌పాక్ డబ్బా ఇచ్చింది. ఇంటికి పోయి విప్పితే అంతా బూజు. పారేసేది ఎందుకని పొట్టేలుకు పెట్టినాం."

పాల్ రాజు గోడకు ఆనుకున్నాడు. "అంటే ఉప్పు, నీళ్ళు, బూజు మైసూర్‌పాక్. మూడూ కలిపి నాకే తూచినావు."

సామ్రాజ్యం ఇక గుమ్మంలో ఉండలేకపోయింది. "నేనేం దాన్ని విప్పలేదు! నా చేతికి ఎట్ల వచ్చిందో అట్లనే ఇచ్చినా. బూజు ఉంటే నాకు ఇచ్చినోళ్ళను అడగండి."

"ఎవరిచ్చినారు?" అన్నారు అందరూ ఒకేసారి.

సామ్రాజ్యం శివకృష్ణ వైపు చూసింది.

ఉద్యోగంలో చేరిన రోజు ఆ డబ్బా పట్టుకొచ్చింది శివకృష్ణే. గిద్దలూరులో బయలుదేరేటప్పుడు అమ్మ బీరువాలోంచి తీసి చేతిలో పెట్టింది. ఆమెకు ఎవరిచ్చారో అతను అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగాలనిపించలేదు.

ఆ తర్వాత అక్కడ పంచాయితీ జరగలేదు. తీర్పు చెప్పే అర్హత ఉన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బండి ఇంజను డబ్బు తీసుకోకుండా విప్పి బాగుచేస్తానని పాల్ రాజు ఒప్పుకున్నాడు. ఈసారి గొర్రెలు ఈనినప్పుడు ఒక గొర్రెపిల్లను పాల్ రాజుకు ఇస్తానని, దానికి ఉప్పు చూపించనని మాలకొండయ్య ఒప్పుకున్నాడు. సామ్రాజ్యం లోపలికి వెళ్ళి అందరికీ టీ పెట్టుకొచ్చింది. టీ తాగుతున్నంతసేపూ వెంకటస్వామి శివకృష్ణ బ్యాగు వైపు చూడలేదు. శివకృష్ణ దాన్ని కాలితో మెల్లగా బల్ల కిందికి నెట్టాడు.

వెళ్ళేటప్పుడు మాలకొండయ్య మెట్ల దగ్గర ఆగాడు. "సార్, మా పిల్ల నన్ను అడిగిన తీరు చూసినారా? నా నోట్లోంచే చెప్పించింది. పరీక్షలో గూడా అట్లనే అడుగుతారా?"

"అంతకంటే తేలిగ్గా అడుగుతారండీ."

"అయితే రాస్తాదిలే" అన్నాడు మాలకొండయ్య. మంద సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పరీక్ష రాసి ఒంగోలు నుంచి వచ్చిన సాయంత్రం రేణుక నేరుగా సెంటర్‌కు వచ్చింది. పాసేజ్ మంచుకొండల గురించి వచ్చిందట. "నాకు తెలిసింది ఒక్క ముక్క లేదు సార్. అయినా భయమెయ్యలేదు. అందులో ఉన్నదే చూసినా, లేంది కలపలేదు" అంది. ఫలితాలు వచ్చినప్పుడు ఆమెకు హైదరాబాదులో సీటు వచ్చింది. మాలకొండయ్య సెంటర్‌కు మిఠాయి తెచ్చి, డబ్బా తనే విప్పి, మొదటి ముక్క అందరి ముందూ తను తిని చూపించి మరీ పంచాడు.

ఆ యేడు కొత్త బ్యాచికి మెట్ల కింద దాకా జనం నిలబడ్డారు. ఇదంతా రేణుక సీటు మహిమేనని వెంకటస్వామి సంబరపడి, ఆమె ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. వరసలో లక్ష్మీదేవమ్మ అనే ఆమె మనవణ్ణి చేర్పించడానికి వచ్చింది. కుర్రవాడు ఇంకా తొమ్మిదో తరగతే, ఈ పరీక్షకు మూడేళ్ళ టైముందని శివకృష్ణ చెప్పాడు.

"ఉండనీ సార్, ముందే చేర్చుకోండి" అని ఆమె అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించింది. "మా పక్కింటోళ్ళ గురించి పాసేజ్ ఎప్పుడు రాస్తారు?"

ఆ సాయంత్రానికల్లా ఆమె పక్కింటివాళ్ళు కూడా వచ్చి పిల్లవాణ్ణి చేర్పించారు.