కొరకకూడని పండు

ఒక పెద్ద అడవిలో చిన్న జంతువులు పని చేసేవి, పెద్ద జంతువులు సమావేశాలు జరిపేవి. అడవి అంత పెద్దదయింది సమావేశాల వల్లేనని పెద్ద జంతువుల నమ్మకం. చిన్నవాటికి నమ్మకాలు పెట్టుకునే తీరిక లేదు.

ఆ అడవిలో తిరపతమ్మ అనే కుందేలు ఉండేది. తెల్లారగానే ఏనుగుగారి లోగిలికి వెళ్ళి, ఆయన నడిచే దారిలో ముళ్ళూ రాళ్ళూ ఏరి, పొద్దువాలాక ఇల్లు చేరేది. నూకాలు అనే అడవికోడి ఎలుగుబంటివారి వాకిట్లో చీమల్ని ఏరేది. ఇలాంటి తల్లులు అడవి నిండా ఉన్నారు. పనికి వచ్చేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకురావద్దని అందరికీ ఒకటే ఆజ్ఞ.

"పిల్లలు అడ్డం వస్తే తొక్కెయ్యాల్సి వస్తుంది. తొక్కితే నా మనసు పాడవుతుంది. మనసు పాడైతే నాకు మధ్యాహ్నం నిద్ర పట్టదు" అన్నారు ఏనుగుగారు. ఆయనది అంత సున్నితమైన మనసు.

అందుకని తల్లులు పిల్లల్ని పొదల్లో దాచి పనికి వెళ్ళేవారు. పోయిన వానాకాలంలో తిరపతమ్మ ఇద్దరు పిల్లల్లో ఒకదాన్ని పాము మింగేసింది. మర్నాడు ఆమె మిగిలిన పిల్ల చిట్టిని వెంటబెట్టుకుని పనికి వెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆపి తిప్పి పంపేశారు. ఏడుస్తూ వాగు ఒడ్డున నడుస్తుంటే, బండ మీద ఎండకి కూర్చున్న ముసలి తాబేలు పలకరించింది. ఆ అడవిలో అందరూ ఆమెను మామ్మ అనేవారు.

"ఎక్కడికే ఆ పసిదాన్ని ఈడ్చుకుపోతున్నావు?"

"ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్నాను మామ్మా."

"ఇక్కడ పెట్టు. నేనెలాగూ ఎక్కడికీ పోను. పోదామని బయలుదేరినా సాయంత్రానికి ఆ చెట్టు దాకా పోతాను."

అలా మొదలైంది. చిట్టి వెనకాల నూకాలు కోడిపిల్లలు వచ్చాయి, వాటి వెనకాల ఉడుత పిల్లలు, ముంగిస కూనలు. పొద్దున్నే తల్లులు తలా కాస్త తిండి తెచ్చి బండ మీద పెట్టేవారు. మామ్మ అందరికీ పంచేది, నీళ్ళ వైపు వెళ్ళేవాళ్ళకి అడ్డంగా పడుకునేది, ఎండ ఎక్కితే అందర్నీ బండ నీడలోకి తోలేది. ముంగిస కూనలున్న చోటికి పాములు రావడం మానేశాయి. తిరపతమ్మ పనిలో ఉండగా గుండె దడ లేకుండా ఊపిరి పీల్చడం మళ్ళీ నేర్చుకుంది.

తల్లులు సంతోషంగా ఉన్నారన్న కబురు అటవీ మండలి కార్యదర్శి నక్కగారికి చేరింది. మండలికి తెలియకుండా ఎవరైనా సంతోషంగా ఉండటం ఆయనకి నచ్చలేదు. వెంటనే సమావేశం పెట్టించారు. అధ్యక్షులు ఏనుగుగారు.

"మన అడవిలో పేద తల్లులు పడే కష్టం చూస్తే నాకు కన్నీళ్ళు ఆగడం లేదు" అన్నారు ఏనుగుగారు. ఆ తల్లుల్లో ఒకామె పొద్దుటి నుంచీ తన వాకిట్లోనే ముళ్ళు ఏరుతోందని ఆయనకి గుర్తులేదు. గుర్తుంటే కన్నీళ్ళు ఆగేవేమో.

"అయ్యా, దీనికి మనం ఒక పిల్లల కేంద్రం పెడితే, కొండ అవతలి అడవి నుంచి రోజూ బుట్టల కొద్దీ పళ్ళు సాయంగా పంపిస్తారట" అన్నారు నక్కగారు.

దాంతో ఏనుగుగారి కన్నీళ్ళు ఆగాయి.

అయితే కేంద్రానికి అధికారిణి కావాలి. తల్లులంతా మామ్మ పేరు చెప్పారు. నక్కగారు మామ్మను పిలిపించి నిలబెట్టి అడిగారు.

"మీ జాతివాళ్ళు ఇసకలో గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా పోతారు కదా. పిల్లల పెంపకం గురించి నీకేం తెలుసు?"

"వదిలేసి పోతే ఏమవుతుందో తెలుసు బాబూ."

ఈ జవాబు అర్హత కింద పనికిరాదని తేల్చారు. అధికారిణిగా కోకిలమ్మను నియమించారు. ఆవిడ పిల్లలందరూ కాకుల గూళ్ళలో పెరిగి పెద్దవాళ్ళయ్యారు. పిల్లల్ని ఇంకొకరి దగ్గర పెంచడంలో ఆవిడకున్నంత అనుభవం అడవిలో ఇంకెవరికీ లేదని నక్కగారు సభలో ప్రకటించారు. పైగా గొంతు బాగుంటుంది. మామ్మ బండ దగ్గర ఇకమీదట పిల్లలెవరూ ఉండకూడదని, అది గుర్తింపు లేని బండ అని చాటింపు వేయించారు.

కేంద్రం ఘనంగా మొదలైంది. మామిడాకుల తోరణాలు, ఉపన్యాసాలు, ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళకి కప్పుకున్న శాలువాలు. తిరపతమ్మ కూడా సంబరపడింది, అబద్ధం ఎందుకు. చిట్టి రోజూ పండు తింటుందంటే ఏ తల్లికి చేదు?

అసలు సంగతి ఏమిటంటే, కొండ అవతలివాళ్ళు పళ్ళు ఊరికే పంపరు. అక్కడి నుంచి రోజూ అతిథులు వస్తారు, వచ్చిన ప్రతి అతిథికీ పిల్లలు తింటున్నట్టు కొత్త బొమ్మ చూపాలి. ఆ బొమ్మల్ని బెరడు మీద చెక్కేది వడ్రంగి పిట్ట. అతను మంచి పనివాడు, కానీ నిదానం. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, చేతికో పండు ఇచ్చి, పెదాలకి ఆనించుకోమని, నవ్వమని చెప్పి చెక్కడం మొదలుపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా కొరికితే పండు ఆకారం మారిపోతుంది, బొమ్మ చెడిపోతుంది.

"కొరకకూడదు" అని కోకిలమ్మ పాటలాగా నేర్పింది. "పండు పెదవికి, చూపు ముందుకి, నవ్వు అతిథికి."

బొమ్మ పూర్తయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. అప్పుడు పళ్ళు మళ్ళీ బుట్టలో పెట్టించేవారు, ఎందుకంటే మధ్యాహ్నం ఇంకో అతిథి వచ్చేవాడు. పొద్దున కుందేటి పిల్ల పెదవి తాకిన పండు మధ్యాహ్నం ఉడుత పిల్ల పెదవి తాకేది. పండు వడలిపోతే కొత్త బుట్ట విప్పేవారు. మిగతా బుట్టలు ఏమయ్యాయో ఏనుగుగారి పొట్ట చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్లలకి సాయంత్రం ఇంత గడ్డి పడేసేవారు, కోడిపిల్లలక్కూడా గడ్డే.

చిట్టి చిక్కిపోయింది. ఇంటికొచ్చి నిద్రలో కూడా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని నవ్వేది. అది చూసిన మర్నాడే తిరపతమ్మ నూకాలును తోడు తీసుకుని నక్కగారి దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, మా పిల్ల నీరసించిపోతోందండీ. దానికి పండు పెడుతున్నారా లేదా అండీ?"

"రోజుకి ఎన్నోసార్లు పెడుతున్నాం. కావాలంటే బొమ్మలు చూసుకో."

తిరపతమ్మ గోడ నిండా ఉన్న బొమ్మలు చూసింది. ప్రతి దాంట్లోనూ చిట్టి నోటి దగ్గర పండు పెట్టుకుని నవ్వుతోంది.

"మా పిల్ల నాతో ఇంకోలా చెప్పిందండీ."

"పిల్ల మాట నమ్ముతావా, బొమ్మ మాట నమ్ముతావా?" అన్నారు నక్కగారు విసుగ్గా. "ఇలాంటి కృతఘ్నత చూస్తే మళ్ళీ పొదలే మీకు సరైన చోటు అనిపిస్తుంది."

పొద అనే మాట వినగానే తిరపతమ్మ వెనక్కి తిరిగింది. పాము ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది.

కొన్నాళ్ళకి కేంద్రం వార్షికోత్సవం వచ్చింది. కొండ అవతల నుంచి ముఖ్య అతిథిగా ఒక ముసలి ఆడపులి వచ్చింది. పళ్ళు పంపుతున్నది ఆవిడ అడవే. నచ్చితే రెట్టింపు పంపిస్తానని కబురు పెట్టింది. విందులో పనస తొనలు, తేనె, నేరేడుపళ్ళు రాశులుగా పోశారు. పులి పళ్ళు తినడమేమిటని అడక్కండి. వేదిక ఎక్కినప్పుడు ముఖ్య అతిథులందరూ శాకాహారులే. వడ్డనకి తల్లులందర్నీ పిలిపించారు.

పాట అయింది. శాలువా అయింది. ఏనుగుగారి ఉపన్యాసం కూడా ఎలాగో అయింది. పులి కన్ను ముందు వరసలో ఉన్న చిట్టి మీద పడింది. ఒక నేరేడుపండు తీసి ఇచ్చింది.

"తిను తల్లీ."

చిట్టి పండు అందుకుని పెదాలకి ఆనించింది. ముందుకి చూసి నవ్వింది. అలాగే ఉండిపోయింది. పులి కాసేపు చూసింది. మిగతా పిల్లలకీ తలో పండు ఇచ్చింది. అందరూ పెదాలకి ఆనించి, ముందుకి చూసి, ఒకేలా నవ్వారు. కాసేపయ్యాక ఎవరూ చెప్పకుండానే వరసగా లేచి, పళ్ళన్నీ తెచ్చి బుట్టలో పెట్టేశారు. ఒక్క దాని మీదా పంటి గాటు లేదు.

"ఎందుకమ్మా తినలేదు?" అని అడిగింది పులి.

"కొరక్కూడదండీ" అంది చిట్టి. "కొరికితే రేపు వచ్చేవాళ్ళకి పండు ఉండదండీ."

వడ్డిస్తున్న తిరపతమ్మ చేతిలోని పనస తొనలు కింద పెట్టేసింది. కోకిలమ్మకి హఠాత్తుగా గొంతు నొప్పి వచ్చింది. నక్కగారు మాత్రం తడుముకోలేదు.

"చూశారా అమ్మగారూ, ఎంత నిగ్రహమో. ఇదంతా మా కేంద్రం నేర్పిన క్రమశిక్షణ."

పులి తన పిల్లల్ని తానే పెంచుకున్న తల్లి. మొహంలో ఏ మార్పూ లేకుండా తలాడించింది.

"చాలా గొప్ప శిక్షణ. పిల్లలే ఇంత నేర్చుకుంటే, నేర్పిన పెద్దలు ఇంకెంత చెయ్యగలరో. మీ మండలి సభ్యులందరూ వచ్చి కూర్చోండి. తలో పనస తొనా తీసుకోండి. నోటికి ఆనించి నవ్వండి. మీ బొమ్మ నా గుహలో పెట్టుకుంటాను."

ఏనుగుగారు తొండంతో తొన అందుకున్నారు. నక్కగారు నవ్వారు. ఎలుగుబంటివారి ముక్కు కింద తేనె పట్టు పెట్టారు. పులి వడ్రంగి పిట్ట వైపు తిరిగింది.

"నిదానంగా చెక్కవయ్యా. ఒక్క వెంట్రుక కూడా పోకూడదు. అయ్యే దాకా ఎవరైనా కొరికితే నాకు కోపం వస్తుంది. నాకు కోపం వస్తే నేను శాకాహారం మానేస్తాను."

తర్వాత పిల్లల్ని చూసింది. "మీ బొమ్మలు ఎప్పుడో అయిపోయాయిగా. మీరు తినండి."

ఒక్క పిల్లా కదల్లేదు. చిట్టి తల తిప్పి వాళ్ళమ్మను చూసింది. తిరపతమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కొరుక్కోమ్మా" అంది. "ఏం కాదు. కొరుక్కో."

చిట్టి కొరికింది. నేరేడు రసం గడ్డం మీదుగా కారింది. అంతే, పిల్లలందరూ రాశుల మీద పడ్డారు. మండలివారు నోటి దగ్గర తొనలు పెట్టుకుని, నవ్వు చెరగకుండా, విందంతా పిల్లల కడుపుల్లోకి పోవడం చూస్తూ కూర్చున్నారు. బొమ్మ పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. రాశుల్లో గింజలు మిగిలాయి.

మర్నాడు తల్లులు పిల్లల్ని తిన్నగా మామ్మ బండ దగ్గరికి తీసుకుపోయారు. నక్కగారు దవడలు నొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"ఇది గుర్తింపు లేని బండ. ఇక్కడ పిల్లల్ని ఉంచడానికి వీల్లేదు."

"సరేనండి" అంది తిరపతమ్మ. "అయితే రేపట్నించి వీళ్ళందర్నీ మీ ఇళ్ళకే తీసుకొచ్చి పని చేసుకుంటామండీ. కొరకడం బాగా నేర్చుకున్నారు."

ముంగిస కూనలు నక్కగారి తోక వైపు ఆసక్తిగా చూశాయి. ఆయన తోక సర్దుకుని, ఈ విషయం మండలి పరిశీలనలో ఉంటుందని చెప్పి వెళ్ళిపోయారు. పళ్ళ బుట్టలు కొండ అవతల నుంచి మళ్ళీ రాలేదు. తల్లులు తెచ్చిన తిండినే మామ్మ పంచేది, పిల్లలు కొరుక్కుని తినేవారు.

మండలివారు సిగ్గుపడ్డారని మీరనుకుంటే మీకు మండళ్ళ సంగతి తెలియదు. పనస తొనల బొమ్మకి నకలు చెక్కించి సభామందిరంలో తగిలించారు, దాని కింద 'ఆదర్శ సంరక్షకులు' అని రాయించారు. కేంద్రం ఇప్పటికీ ఉంది. రోజూ ఊడుస్తారు, తోరణాలు మారుస్తారు, కోకిలమ్మ వేళకి వచ్చి పాడి వెళుతుంది. ఏడుపు లేదు, ఆకలి లేదు, ఫిర్యాదు లేదు. ఆ ఏడాది అడవి మొత్తంలో ఉత్తమ కేంద్రంగా బహుమతి కూడా దానికే వచ్చింది.

ఇందులో పెద్దలు గ్రహించిన నీతి: పిల్లలు లేని చోటే పిల్లల సంరక్షణ అన్నిటికన్నా సక్రమంగా జరుగుతుంది.