సరస్వతాకు పుట్టింటివాళ్లు

వాకిలి చల్లి, ముగ్గు వేసి, నడుము పైకెత్తేలోపే భాగ్యమ్మ ఆ రోజు పనంతా నిర్ణయించేసుకుంది. పది గంటలకు చెట్టు పెళ్లి, పన్నెండింటికి మామిడిపండు. మధ్యలో ఎవరు అడ్డం వచ్చినా, అది కట్టుకున్న మొగుడైనా, ఆగేది లేదు.

పెరట్లోని మామిడిచెట్టు ఆమె స్వయంగా టెంక నాటి మొలిపించింది. తొమ్మిదేళ్లు బిందెలు మోసి పెంచింది. రెండేళ్లుగా కాస్తోంది. మూసాపేటలో సగం ఊరు ఆ పండ్లు తింది గాని, భాగ్యమ్మ నోట్లో ముక్క పడలేదు. అత్త బుచ్చమ్మ వంశంలో ఒక ఆచారముంది. పెరటి మామిడికి ఏదో ఒక తీగనో మొక్కనో ఇచ్చి పెళ్లి చేసేదాకా ఆ ఇంటివాళ్లు దాని పండు తినకూడదు, పచ్చికాయ కోయకూడదు. పండినవన్నీ ఇరుగుపొరుగుకు పంచిపెట్టాలి. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలమది. రాజ్యమే మారిపోయింది గాని, బుచ్చమ్మ ఆచారం మారలేదు.

"ఎట్లున్నయి పండ్లు?" అని పంచిన ప్రతిసారీ భాగ్యమ్మ అడిగేది. "చక్కెరే అనుకో!" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కడుపు రగిలిపోయేది.

పెళ్లికూతురు మల్లెతీగ అయితే శ్రేష్ఠమంది బుచ్చమ్మ. మొదటి ఏడు నాటిన మల్లె ఆ మామిడి నీడకు వాడి, ముహూర్తం కుదరకముందే ఎండిపోయింది. రెండో ఏడు నాటినదీ అంతే. మూడో ఏడు భాగ్యమ్మ పంతం పట్టి, పక్కింటి కనకలక్ష్మి బావిగట్టు దగ్గర, గోడనీడన పరుచుకున్న సరస్వతాకును చూసింది. దానికి నీడ ఎంత ఉంటే అంత సంతోషం. పన్నెండు నెలలూ పచ్చగానే ఉంటుంది. నాలుగు వేర్లు అడిగి తెచ్చి మాఘమాసంలో నాటితే, వైశాఖానికల్లా చెట్టు మొదలు చుట్టూ మట్టి కనిపించకుండా అల్లుకుంది.

చెప్పిన వేళకే లింగమూర్తి పంతులు వచ్చాడు. మధ్యాహ్నానికి మాదాపూర్‌లో ఇంకో పని ఉందని, ఆ రాతిగుండ్లలో ముళ్లలో నడిచి పోవాలని తొందర పెడుతూనే, పెళ్లికూతురిని చూసి ఆగిపోయాడు.

"మామిడికి మల్లె అని విన్నం గాని, సరస్వతాకు అని ఎక్కడా వినలేదమ్మా."

"చెయ్యొద్దనైతే వినలేదు గద పంతులూ?"

పంతులు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పొంతన చూడు భాగ్యమ్మా. వరుడు ఇరవై అడుగులు, వధువు రెండంగుళాలు. ఆయనకు ఎండ కావాలె, ఈమెకు నీడ కావాలె. ఆయన ఏడాదికి ఒక్కసారి కాస్తడు, మిగతా పదినెలలు ఆకులు రాలుస్తడు. ఈమె ఒక్క ఆకు వాడనియ్యదు. ఏమన్న కలిసిందా?"

"ఎండ తాను మీదేసుకొని నీడ ఈమెకిస్తడు. ఈమె ఆయన కాళ్లకాడ తడి ఆరనియ్యదు. ఇంతకన్న ఏం కలువాలె? మా ఇద్దరికి ఇంతమాత్రమన్న కలిసిందా, అడుగు!" అంటూ భాగ్యమ్మ మొగుడి వైపు చెయ్యి చూపించింది.

కార్ఖానాకు సెలవు పెట్టించినందుకు అలిగి, వేపపుల్ల నములుతున్న బాలనర్సయ్య నోరు మెదపలేదు. పంతులు ఆ మౌనాన్నే ప్రమాణంగా తీసుకుని పొంతన కుదిరిందన్నాడు.

అప్పుడు బుచ్చమ్మ లేచింది. "మాఘం సంది పిల్ల మనింట్లనే ఉన్నదా? పెండ్లి కాకముందే? ఇగ మనకు మర్యాదేమన్న ఉన్నదా?"

మర్యాద నిలవాలంటే పిల్లను పుట్టింటికి పంపి, అక్కడి నుంచి పద్ధతిగా తీసుకురావాలని తేలింది. కనకలక్ష్మి దీనికి ఎంత సంబరపడిందో చెప్పలేం. "మా పిల్లనే గద వదినా! కన్యాదానం మేమే చేస్తం," అంది. ఆ ఉత్సాహం చూసి భాగ్యమ్మకు కాస్త ఆశ్చర్యమైనా, పని జరుగుతోంది కదా అని ఊరుకుంది. ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెళ్లగించి కంచు చెంబులో పెట్టి పక్కింటికి పంపింది.

చెంబు వెళ్లింది గాని, తిరిగి రాలేదు. మగపెళ్లివాళ్లు ఎదురొచ్చి ఎదుర్కోళ్లు జరపకుండా పిల్లను గడప దాటించబోమని కబురొచ్చింది. డప్పు కావాలన్నారు. డప్పు మోగగానే వీధి వీధంతా వచ్చేసింది. వచ్చినవాళ్లకు పానకం కలపాల్సి వచ్చింది. పది గంటల ముహూర్తం కాస్తా పదకొండుకు వాయిదా పడింది. భాగ్యమ్మ కొంగు బిగించి, పానకం బిందె చంకనెత్తుకుని, ఏదేమైనా ఈ రోజు తింటాను అని తనలో తాను చెప్పుకుంది.

పిల్ల తండ్రి హోదాలో వచ్చిన కనకలక్ష్మి మొగుడు రామచంద్రం వరుడి కాళ్లు కడగాల్సి వచ్చింది. చెట్టు మొదటికి చెంబెడు నీళ్లు పోసి ఊరుకుంటే బాగుండేది. "ఏమనుకోకు బావా, మీ పిలగాడు జర గరుకున్నడు. మా పిల్లయితే సుతారం," అన్నాడు.

వేపపుల్ల నములుతున్న బాలనర్సయ్య దాన్ని ఉమ్మేశాడు. "మా పిలగానికేం తక్కువైందయ్యా? బుట్టలకొద్ది పండ్లిస్తడు. మీ పిల్ల ఏమిస్తది? ఎప్పుడు చూసినా పండుకొనే ఉంటది!"

"పన్నెండు నెలలు పచ్చగుంటది! తెలివి పెరగాలని పిల్లలకు పెడ్తరు దాన్ని. మామిడిపండు తింటే పెరిగేది సెగగడ్డలే!"

"గాలొస్తే ఎదిరించి నిలబడేటోడు మా పిలగాడు!"

"గాలి తగలకుంట బతికేటంత తెలివి మా పిల్లకున్నది!"

"నేనీ పెండ్లి చెయ్య పో!" అని రామచంద్రం పిల్ల ఉన్న చెంబెత్తుకుని బయలుదేరాడు. భాగ్యమ్మ పానకం బిందెతో తోవకు అడ్డం నిలబడింది.

"అన్నా, ఇద్దరిట్ల ఎవ్వరు గొప్పోళ్లో రేపు తేల్చుకోండ్రి. ఇయ్యాల నాకు పెండ్లి కావాలె."

ఆమె మొహం చూసి రామచంద్రం వెనక్కి తిరిగాడు. ఆమె మొహం అట్లాంటిది మరి.

జీలకర్ర బెల్లం ఘడియ వచ్చింది. వధువు తల మీద పెట్టడానికి బాలనర్సయ్య వంగితే చాలింది. వరుడి తల మాత్రం ఇరవై అడుగుల పైన ఉంది. మొదట్లో పెడితే చెల్లదా అని భాగ్యమ్మ అడిగింది. "తల మీద పెట్టాల్సింది కాళ్ల మీద పెడ్తరా?" అని బుచ్చమ్మ కసిరింది. వధువు తరఫున పెట్టాల్సింది తండ్రే కాబట్టి, రామచంద్రం తన బొజ్జను చూసుకుని, పంచె ఎగగట్టి, జీలకర్ర బెల్లం పిడికిట్లో పట్టుకుని ఎక్కాడు. చిటారుకొమ్మ దాకా పోయాడు కూడా. బెల్లం వాసనకు ఎర్రచీమలు ఆయన కంటే ముందే అక్కడికి చేరాయి.

తరువాత జరిగినది ఎవరికీ సరిగా కనబడలేదు. కేక ఒకటి వినబడింది, కొమ్మ ఒకటి విరిగింది, పిల్ల తండ్రి వచ్చి తిన్నగా పిల్ల చుట్టాల మీదే, అంటే మెత్తని సరస్వతాకు మీదే పడ్డాడు. ఎముకలన్నీ క్షేమం. నలిగిన సరస్వతాకు నీళ్లు చల్లగానే లేచి కూర్చుంది.

"చూసినవా బావా మా పిల్ల సంగతి? నన్ను కాపాడింది," అన్నాడు రామచంద్రం వీపు గోక్కుంటూ.

"పడేసింది మా పిలగాడే గద," అన్నాడు బాలనర్సయ్య గర్వంగా.

పంతులు ఇంక ఆలస్యం చేయకుండా చెట్టుకు పసుపుతాడు చుట్టి, అక్షతలు చల్లి, అయిందనిపించాడు. భాగ్యమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల కోరిక అది. పరుగున వెళ్లి, చెట్టునే పండి రాలిన పండ్ల గంప తెచ్చి, కత్తిపీట ముందేసుకుని ముక్కలు కోసింది. మొదటి పళ్లెం వియ్యపురాలికి ఇవ్వబోయింది.

కనకలక్ష్మి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "అయ్యో వదినా! బిడ్డనిచ్చినింట్ల, ఆమె కడుపు పండేదాక మేం ముట్టొద్దు గద!"

"అవునవును," అని బుచ్చమ్మ తలూపింది. ఆచారం మరి.

పళ్లెం రామచంద్రం తమ్ముడి ముందుకు పోయింది. ఆయన పిల్లకు చిన్నాయన. తరువాత ఎదురింటి కిష్టమ్మ దగ్గరకు పోతే, కనకలక్ష్మికి తను అక్క వరస అంది. డప్పు రామన్న, తనను పిలిచింది పిల్లవాళ్లే కదా అన్నాడు. చూస్తుండగానే పెరట్లో ఉన్నవాళ్లందరూ సరస్వతాకుకు చుట్టాలైపోయారు. "కన్యాదానం మంత్రం నేనే గద చెప్పించిన, నేను గూడ పిల్లదిక్కే," అని లింగమూర్తి పంతులు సంచి సర్దుకుని మాదాపూర్ తోవ పట్టాడు.

అనుమానం వచ్చినా భాగ్యమ్మ వెనుకాడలేదు. పెద్దముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆమె కళ్లు మూతపడ్డాయి, చెవులు బిగుసుకున్నాయి, మెడ భుజాల్లోకి దిగింది. చింతపండు ఇంతకన్నా నయం. రెండేళ్లు ఈ పండు తిని చక్కెర అన్నవాళ్లందరూ తలలు దించుకుని నేల చూస్తున్నారు.

"నొచ్చుకుంటవని చెప్పలే వదినా," అంది కనకలక్ష్మి మెల్లగా.

అందరూ భాగ్యమ్మ ఏడుస్తుందనుకున్నారు. ఆమె మాత్రం ముక్క పూర్తిగా నమిలి మింగి, తలెత్తి కొమ్మల్లోకి చూసింది. పెళ్లయింది కాబట్టి పచ్చికాయ కోయడానికి ఇప్పుడు అడ్డు లేదు. "చెట్టెక్కు," అంది మొగుడితో. ఆయన మారు మాట్లాడకుండా ఎక్కాడు.

నెల తిరిగేసరికి ఊరగాయ జాడీల మూతలు తెరిచారు. ఆ పులుపుకు కారం, మెంతిపిండి, నువ్వులనూనె తోడై, తొక్కు ఘాటు గోడ దాటి నాలుగిళ్లు తిరిగింది. పొద్దున్నే కనకలక్ష్మి గిన్నె పట్టుకుని గడపలో నిలబడింది. ఆమె వెనక గిన్నెలతో కిష్టమ్మ, రామన్న, ఇంకా పిల్ల తరఫు చుట్టాలు చాలామంది.

"జర తొక్కు పెట్టు వదినా."

"ఎట్ల పెడ్త వదినా?" అంది భాగ్యమ్మ ఎంతో మర్యాదగా. "బిడ్డ కడుపు పండేదాక మీరు ముట్టొద్దు గద."

అప్పటి నుంచి ఆ వీధిలో ఎవరు పెరటివైపు వచ్చినా, ముందు చెట్టు కింద కూర్చుని, సరస్వతాకును ఒక్కొక్క ఆకూ ఎత్తి చూసి మరీ వెళ్తున్నారు.