ఇంటికంతా ఒక్కడే కాపలా

సాయంత్రం వలీమా విందులోపు ముష్తాక్ భాయ్‌కి ఆయన కొడుకు నిఖా ఆల్బమ్ ఇచ్చేయాలి. పొద్దున్నే స్టూడియో షట్టర్ ఎత్తుతూ ప్రేమ్‌రాజ్ అనుకున్న పని అదొక్కటే. మాట తప్పితే మాదన్నపేటలో ఇంకో పెండ్లికి తనను పిలవరని అతని భయం.

తీరా చూస్తే కంప్యూటర్ కదలదు, మెదలదు. ఫోల్డర్‌లో కొత్త ఫొటో పడగానే నకలు తీసి దాచి, ప్రింటర్‌కు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది అందులో. ప్రేమ్‌రాజ్ ప్రతి పెండ్లి ఫోల్డర్‌కూ దాన్ని కాపలా పెట్టాడే గానీ, ఒక్కదానికీ తీయలేదు. ఆ జంటల పిల్లలు బడికి పోతున్నా, సాఫ్ట్‌వేర్ మాత్రం వాళ్ల పెండ్లి గుమ్మాల్లోనే నిలబడి ఉంది. మెమరీ అంతా ఆ కాపలాకే సరిపోతోంది.

"పాత పెండ్లిళ్లకు కాపలా తీసెయ్యరాదు?" అంది భార్య వీణ.

"ఒక్కొక్కటి తీసుకుంట కూసుంటే పొద్దుగూకుతది. అర్రకొకడెందుకు? ఇంటికంతా ఒక్కడు సాలు!"

ఫోల్డర్లన్నీ ఒక పెద్ద ఫోల్డర్‌లో కుక్కి, దానికొక్కదానికే కాపలా పెట్టాడు. కంప్యూటర్‌కు ప్రాణం లేచి వచ్చింది. పరీక్షకని చేతికందిన ఫొటో ఒకటి అందులో వేశాడు. పెండ్లికొడుకు మేనత్త భర్త సుఫియాన్, నోటినిండా మాంసం ముక్కతో. ప్రింటర్ చప్పుడు చేయగానే మురిసిపోయి చాయ్‌కి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి వీణ గుమ్మంలో లొల్లి పెడుతోంది. "జల్ది రా! మిషన్ ఆగుతలేదు!"

నకళ్లు దాచే ఫోల్డర్ కూడా ఆ పెద్ద ఫోల్డర్‌లోకే చేరింది. పడిన ప్రతి నకలూ కొత్త ఫొటోయే అనుకుని, సాఫ్ట్‌వేర్ దాన్నీ అచ్చుకు పంపి, దానికీ నకలు తీసింది. ఆల్బమ్ కాగితమంతా అయిపోయాకే ప్రింటర్ ఆగింది. నేలంతా సుఫియాన్, సుఫియాన్ నోట్లో ముక్క.

సరిగ్గా అప్పుడే ముష్తాక్, వెనకాలే ముఖం ముడుచుకున్న సుఫియాన్ లోపలికొచ్చారు. ప్రేమ్‌రాజ్ గబుక్కున స్టూడియో పరదా లాగి కుప్ప మీద కప్పాడు. చెమటలు పడుతుంటే, మర్యాదగా ఉంటుందని ఫ్యాన్ కూడా వేశాడు. పరదా లేచింది. ఫొటోలు గాల్లోకి ఎగిరాయి.

"క్యా హై యే? మా దుల్హే భాయ్‌ని, మా బావని మజాక్ చేస్తున్నవా?" ముష్తాక్ అరిచాడు.

ప్రేమ్‌రాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ. సుఫియాన్ మాత్రం నేల మీంచి ఒక ఫొటో ఏరుకున్నాడు. ఇంకోటి ఏరుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఫోన్‌ల పంపిన ఫొటోలల్ల నేను ఒక్కదాంట్ల గూడ లేనని వలీమాకే రానన్న గద ముష్తాక్! ఈయన సూడు, ఎంత ఇజ్జత్ ఇచ్చిండో!"

ముష్తాక్ ప్రేమ్‌రాజ్‌ను కౌగిలించుకున్నాడు. "పొద్దుగాల నుంచి బతిమాలుతున్న భాయ్, ఇంటున్నడా? ఆల్బమ్‌ల సూపిద్దామనే ఈడికి తోల్కొచ్చిన. ఆల్బమ్ రేపియ్యి, ఫికర్ లేదు. గివన్నీ మాత్రం హాల్‌కు పంపు!"

ఆ సాయంత్రం వలీమాకు వచ్చినవాళ్లలో సగంమంది, హాల్ గోడల నిండా ఉన్న ఆ ఫొటోలు చూసి, సుఫియాన్‌కే ముబారక్ చెప్పి, బిర్యానీ తిని వెళ్లారు.