రిపోర్టు నా చేతికే ఇవ్వండి

రావులపాలెంలో మా పేటలో ఎవరు పోయినా, ఆ కబురు బంధువులకి చెప్పడానికి విజయ్ పాల్‌నే పంపేవారు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మెత్తటి గొంతు, తొందర లేని మాట. ముందు "పెద్దాయనకి కాస్త నలతగా ఉందటండి" అనేవాడు. మంచినీళ్ళు తాగి, "ఆసుపత్రిలో చేర్చారటండి" అనేవాడు. గ్లాసు కింద పెట్టి, "కారు మాట్లాడమంటారా?" అనేవాడు. గ్లాసు కింద పెట్టకముందే ఇంటిల్లిపాదీ గొల్లుమనేవారు.

పేటలో ఆయన పేరు కబురు పాల్. కూతురు వినీల పెళ్ళి శుభలేఖలు పంచడానికి వెళ్తే కూడా రెండిళ్ళలో ఏడుపులు మొదలయ్యాయి.

అలాంటి మనిషికి ఇప్పుడు సొంత ఇంట్లోనే పని పడేలా ఉంది. క్రిస్మస్‌కి ముందు నుంచీ భార్య దీనమ్మకి పొత్తికడుపులో నొప్పి. డాక్టరమ్మ నొక్కి చూసి, మాటా పలుకూ లేకుండా, రాజమండ్రి వెళ్ళి సీటీ స్కాన్ తీయించుకు రమ్మని రాసిచ్చింది. ఆ మాటా పలుకూ లేకపోవడమే విజయ్ పాల్ గుండెల్లో రాయి పడేసింది. కబుర్ల సంగతి ఆయనకి తెలియనిదా?

అందుకని ఒక పథకం వేశాడు. రిపోర్టు ముందు తన చేతికి రావాలి. మంచిదైతే సరే. కాకపోతే మడిచి సంచిలో పెట్టేసి, "వేడి చేసిందట" అని ఒక వారం, "మందులతో పోతుందట" అని ఇంకో వారం నెట్టుకురావాలి. మూడో వారం ఏం చెప్పాలో ఆలోచించేసరికి ఆయన కాళ్ళు వణికాయి.

వణకడానికి చలి వంక కూడా ఉంది. ఆ జనవరి చలి గోదావరి జిల్లాల చలి కాదు, ఎక్కణ్ణించో దారి తప్పి వచ్చిన చలి. పొద్దున్న తొమ్మిదైనా గౌతమి వంతెన మీద వాళ్ళెక్కిన రాజమండ్రి బస్సు లైట్లు ఆరలేదు. అవతలి ఒడ్డు లేదు, ఇవతలి ఒడ్డు లేదు, అసలు గోదావరే లేదు. అంతా మంచు. ఇంట్లో స్వెట్టరన్నది ఎప్పుడూ లేదు కాబట్టి, విజయ్ పాల్ రెండు చొక్కాల మీద అల్లుడి పాత రెయిన్‌కోటు తొడిగి, మంకీ క్యాపు పెట్టాడు.

"కిటికీ పక్కన గాలి తగుల్తోందా దీనా? అరటిపండు తింటావా?"

"పరగడుపున రమ్మన్నారండి."

"అవునవును. పోనీ, చేత్తో పట్టుకుంటావా?"

దీనమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదే!"

"మరి ఆ గొంతేంటి?"

విజయ్ పాల్ ఉలిక్కిపడ్డాడు. "సంచి సరిగ్గా పట్టుకోవడం కూడా రాదా నీకు?" అని కసిరాడు.

"హమ్మయ్య," అంది దీనమ్మ.

స్కానింగ్ సెంటర్లో ఏసీ ఆడుతోంది. బయట చలి నయమనిపించింది.

"అది కట్టెయ్యమ్మా, చచ్చిపోతాం," అన్నాడు కౌంటర్లో ఉన్న ఆశాజ్యోతితో.

"మిషన్‌కి చల్లగా ఉండాలండి."

"మరి మనుషులకో?"

"మనుషులు దుప్పటి తెచ్చుకుంటారండి."

దీనమ్మని లోపలికి తీసుకెళ్ళగానే ఆయన కౌంటర్ మీదికి వంగాడు. "అమ్మాయ్, రిపోర్టు నా చేతికే ఇవ్వండి. ఆవిడకి ఇవ్వద్దు. తట్టుకోలేదు."

"కళ్ళు తుడుచుకుంటోంది మీరు కదండీ?"

"చలికి కారుతున్నాయమ్మా."

స్కాన్ అయ్యాక దీనమ్మని దూరంగా చివరి బెంచీ మీద కూర్చోబెట్టి, టీ, బన్ను తెచ్చి చేతిలో పెట్టి, తను కౌంటర్ దగ్గర కాపలా నిలబడ్డాడు. ప్రింటరు గుర్రుమన్నప్పుడల్లా ఎగిరిపడ్డాడు. గంటన్నర గడిచేసరికి ఓపిక చచ్చిపోయి, కౌంటర్ మీదికి వచ్చిన కవరు ఒకటి చటుక్కున లాక్కుని విప్పాడు. రెండు లైన్లు చదివి నేల మీద కూలబడ్డాడు.

"దేవా! మా ఆవిడకి ప్రోస్టేటు పెరిగిపోయిందంట!"

హాలంతా లేచి నిలబడింది. రిపోర్టులిచ్చే లోకనాథ్ పరుగెత్తుకొచ్చి కవరు లాక్కున్నాడు. "ఇది తణుకు పెద్దాయనదండీ! ఆడవాళ్ళకి ప్రోస్టేటు ఉండదండీ!"

"ఉండదా? దేవుడికి స్తోత్రం!" అన్నాడు విజయ్ పాల్. ఆ రోజు మొత్తంలో ఆయన సంతోషపడింది ఆ ఒక్క నిమిషమే.

"మేడమ్‌ది ఫోన్‌కి పంపేసి గంటైందండి," అన్నాడు లోకనాథ్.

"ఎవరి ఫోన్‌కి?"

"మేడమ్ ఫోన్‌కే. లోపలే నంబరిచ్చారు. మా ఆయనకి మాత్రం చెప్పకు బాబూ, తట్టుకోలేరు అన్నారు."

విజయ్ పాల్ తిరిగి చూశాడు. చివరి బెంచీ మీద దీనమ్మ కళ్ళజోడు పెట్టుకుని, "సరే డాక్టరుగారూ, గురువారం," అని ఫోన్ పెట్టేస్తోంది.

"కూర్చోండి," అంది. "సగం బన్ను ఉంచాను. ముందు అది తినండి."

"దీనా..."

"తినండి."

తిన్నాడు. మట్టి తిన్నట్టుంది.

"అండాశయం మీద గడ్డ ఉందట. నిమ్మకాయంత. మీరు ఏరి తెచ్చే నిమ్మకాయలంత కాదు, మంచి నిమ్మకాయంత. గురువారం చేరాలి. తీసి పరీక్షకి పంపితే గానీ మంచిదో చెడ్డదో చెప్పలేరట. వినీలకి చెప్పాను. పాస్టరుగారికి చెప్పాను. మీ ఒక్కరికే మిగిలింది."

"నాకు చివరా?"

"మీకు ముందు చెప్తే ఇంకెవరికైనా చెప్పనిస్తారా? మిమ్మల్ని పట్టుకోవడానికే సరిపోతుంది."

"నీకు భయం వెయ్యలేదా?"

దీనమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. "వేసింది. మీరక్కడ కవర్లు లాక్కుంటున్నంతసేపూ భయపడ్డాను. కాస్త ఏడ్చుకున్నాను కూడా. మీరు పక్కన లేరు కాబట్టి కుదిరింది."

విజయ్ పాల్ ఏదో మెత్తగా చెప్పబోయాడు. ఊరందరి ఇళ్ళలో పలికిన ఆ గొంతు సొంత భార్య ముందు పెగల్లేదు. మంకీ క్యాపు కళ్ళ మీదికి లాక్కున్నాడు. వెక్కిళ్ళకి ఆ రెయిన్‌కోటు గరగరలాడుతూ హాల్లో అందరికీ వినిపించింది.

ఎదుటి బెంచీ మీదావిడ తట్టుకోలేక లేచొచ్చింది. "ధైర్యంగా ఉండమనండమ్మా, ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి. పేషెంటు ఆయనేనా?"

దీనమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమురుతోంది.

"అవునండి," అంది. "నేను తోడొచ్చాను."