కాపీకి తాళమెందుకు?

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నేను పనిలో ఉండగా, డే కేర్‌లో నిద్రపోతున్న నా మూడేళ్ల కూతుర్ని ముక్కూ మొహం తెలియనివాడెవడో చూస్తూ కూర్చోవడం.

ఇప్పుడా భయం లేదు. చూస్తున్నాడని తెలిసిపోయాక ఇంక భయమెందుకు, చెప్పండి!

అందుకే అంటున్నాను, పాస్‌వర్డ్‌లు దాచే ఫైళ్లను వెబ్‌సైట్లో నడివీధిన ఆరేసే మహానుభావులకు మనం సన్మానాలు చేయాలి.

నేను చదువు మధ్యలో ఆపేసి కుట్టుమిషన్ ఎక్కినదాన్ని. ఈ సంగతులు నాకేం తెలుస్తాయి? మా డే కేర్ నిద్రగదిలో కెమెరా ఉంది, తల్లులం లాగినై ఫోన్‌లో చూసుకుంటాం. అంతవరకే తెలుసు. ఒకరోజు సెలవుందేమోనని ఫోన్‌లో డే కేర్ పేరు కొట్టి వెతికాను. సెలవు సంగతి దొరకలేదు. వాళ్ల వెబ్‌సైట్లోనే ఒక ఫైల్లో ఆ కెమెరా పాస్‌వర్డ్ దొరికింది! దాని కిందే, తల్లుల ఫోన్ నంబర్లు దాచిన చోటి పాస్‌వర్డ్. అడక్కుండానే అన్నీ వడ్డించారు. ఇంత మర్యాద ఏ ఆఫీసులో చూశారు?

సైటు చేసినాయనకి ఫోన్ చేశాను.

"అబ్బే, అది అసలు ఫైలు కాదమ్మా, కాపీ. ఏదైనా మార్చేముందు పక్కనే ఒక కాపీ పెట్టుకుంటాం. అసలుది భద్రంగా ఉంది."

"మరి కాపీలో పాస్‌వర్డో?"

"అదీ ఇదీ ఒకటేనమ్మా. కాపీ కదా!"

"అందరికీ కనిపిస్తోంది బాబూ!"

"పేరు చివర 'పాతది' అని పెట్టాంగా. పాత సామాను ఎవరు చూస్తారు?"

మనుషుల మీద ఎంత నమ్మకం! నేనైతే ఇంటికి తాళం వేసి, లాగి చూసి, సందు చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతాను. ఆయన అసలు తాళంచెవిని బీరువాలో దాచి, రెండోదాన్ని గుమ్మానికి వేలాడదీసి హాయిగా నిద్రపోతాడు. ఎవరి ఆరోగ్యం బాగుంటుంది?

ఇంకా లాభాలున్నాయి. ఇదివరకు పిల్లల్ని ఒక్క ఆయా కనిపెట్టుకుని ఉండేది, ఆవిడా మధ్యమధ్య కునికేది. ఇప్పుడు ప్రపంచమంతా డ్యూటీలో ఉంది, జీతం భత్యం లేకుండా! మొన్న ఎవరో మగగొంతు ఫోన్ చేసి, "మీ పాప ఇంకా లేవలేదండీ" అని చెప్పి పెట్టేశాడు. ఎంత బాధ్యత! సొంత మేనమామ కూడా ఇంత పట్టించుకోడు. ఆ తర్వాత నేను చొక్కా కాలర్ తిరగేసి కుట్టాననుకోండి, అది వేరే విషయం.

పరుగెత్తుకెళ్లి డే కేర్ మేడమ్‌తో చెప్పాను.

"మిగతా తల్లులెవరూ అడగలేదే! మీరు మరీ కంగారు పడతారమ్మా!"

అలా అన్నా, ఆవిడ ఊరుకోలేదు. సాయంత్రానికల్లా చర్య తీసుకున్నారు. లోపలి ఫైలు చూశానని నోటితో ఒప్పుకున్నది నేనొక్కదాన్నే కనుక, భద్రత కోసం నా లాగిన్ తీసేశారు! పాస్‌వర్డ్ అదే, కాపీ అక్కడే.

పిల్లని మాన్పించవచ్చుగా అంటారా? మా షాపు చుట్టుపక్కల ఉన్నది అదొక్కటే.

కాబట్టి, లోకంలో మా పాపని చూడలేనిది ఇప్పుడు నేనొక్కదాన్నే. మీకా ఇబ్బంది లేదు. పొద్దున దగ్గుతూ వెళ్లింది. కిటికీ పక్కన బోర్లా పడుకునేది మాదే, నిద్రలో దుప్పటి తన్నేస్తుంది. మీలో ఎవరైనా ఒకసారి చూసి, ఎవరైనా కప్పారో లేదో చెప్పండి.

నా నంబరు ఎలాగూ మీకు దొరుకుతుంది.