మోడు మీద సెల్ఫ్ గోల్

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే అలా ఇలా పెద్దది కాదు, ఈ చివర పుట్టిన అబద్ధం ఆ చివరికి చేరేసరికి చరిత్ర అయిపోయేంత పెద్దది, ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది.

ఆ అడవి పేరు ఇప్పవనం. దాని చుట్టూ ఇంకో ఆరు అడవులు. నాలుగేళ్ళకోసారి ఏడు అడవులూ కలిసి సప్తారణ్య కప్పు ఆడేవి. ఇప్పవనం జట్టు ఏడుసార్లు వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా మూడేసి ఆటలు ఆడి, ఒక్కటి తప్ప అన్నీ ఓడి, మెడలో దండలతో ఇంటికొచ్చింది. దండలెందుకంటే ఓడిపోయిన ప్రతి ఆటనీ ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు 'నైతిక విజయం' అని ప్రకటించేవాళ్ళు.

మొదటి కప్పుకి ఏరు దాటే తెప్ప మీద ముందు సమాఖ్య పెద్దలు ఎక్కారు, తర్వాత వాళ్ళ బావమరుదులు ఎక్కారు, మిగిలిన చోట్లో ఏడుగురు ఆటగాళ్ళు పట్టారు. మిగతా నలుగురూ ఒడ్డు మీంచి చేతులూపారు. మూడో కప్పులో కొండచిలువని గోల్‌కీపర్ని చేశారు, గోలుకి ఈ కొస నుంచి ఆ కొసదాకా అడ్డంగా పడుకుంటుందని. పడుకుంది. ఆట అయ్యేదాకా లేవలేదు. ఐదో కప్పులో ఎలుగుబంటి బంతి తీసుకుని అందర్నీ దాటుకుంటూ దూసుకుపోయి, గోలు ముందర కొమ్మకి తేనెపట్టు కనబడేసరికి ఆగిపోయింది.

ఇవన్నీ రాసిపెట్టేవాడు చెక్కయ్య అనే వడ్రంగిపిట్ట. ఆయనకి కాగితం కలం లేవు. అడవి నడిమధ్యన ఎండిపోయిన నల్లమద్ది మోడు ఒకటుంది. దానికి ఎడమవైపు మన గోల్స్, కుడివైపు అవతలివాళ్ళ గోల్స్. గోలుకో చిల్లు. మనవాళ్ళలో ఎవరైనా గోలు కొడితే ఆ చిల్లు పక్కన కొట్టినవాడి అడుగుముద్ర చెక్కాలని పద్ధతి. కుడివైపు నూట ముప్ఫై ఒక్క చిల్లులు పడ్డాయి. ఎడమవైపు ఒక్కటే.

ఆ ఒక్కటీ కొట్టినవాడు నాగులు. పేరు చూసి పాము అనుకునేరు, ముంగిస. ఆరో కప్పులో, ఏటిగట్టు అడవి నీటిపిల్లుల మీద, మోకాలు లోతు బురదలో, ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా, ఎవరి కాళ్ళ మధ్య నుంచి దూరాడో ఎలా దూరాడో బంతిని లోపలికి తోసేశాడు. ఒకటి–సున్నా. ఇరవై ఒక్క ఆటల్లో గెలిచింది అదొక్కటే. ఆ చిల్లు కొడుతుంటే చెక్కయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగతావాటికంటే రెండింతలు లోతుగా కొట్టి, పక్కన ముంగిస పాదం ముద్దుగా చెక్కాడు. తర్వాత తన గూడు కూడా ఆ మోడులోనే తొలుచుకుని కాపురం పెట్టాడు.

"ఒక్క చిల్లుకే ఇంత మురిసిపోతే ఎలా మావా?" అని నవ్వేవాడు నాగులు.

"ఒక్కటే కాబట్టే మురుస్తున్నానురా అల్లుడూ. వంద ఉంటే నీ మొహం ఎవడు చూస్తాడు?" అనేవాడు చెక్కయ్య.

ఇలా ఉండగా సమాఖ్య అధ్యక్షుడు అడవిదున్న గండ్రాజు గారికి సప్తారణ్య మండలికే అధ్యక్షుడు కావాలని బుద్ధి పుట్టింది. ఆయన జన్మలో బంతిని తన్నలేదు. ఒకసారి పొరపాటున తొక్కితే అది పగిలిపోయింది. కానీ ఇప్పవనం సమాఖ్యకి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు, ఎందుకంటే ఆయన లేస్తే గాని ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోలేరు.

మండలి నుంచి కబురొచ్చింది. 'ఎనిమిదో కప్పుకి ముందు మీ జట్టు చరిత్ర పరిశీలించడానికి గద్ద గారు వస్తున్నారు. చరిత్ర గొప్పదైతే జట్టుకి పై వర్గంలో చోటు, మీకు ఎన్నికల్లో పోటీచేసే అర్హత.'

గండ్రాజు గారు మోడు ముందుకొచ్చి నిలబడ్డారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. ఆయన మొహం వాడిపోయింది.

"ఏవయ్యా చెక్కయ్యా, ఇన్ని చిల్లులేమిటయ్యా? కాస్త చూసీచూడనట్టు పోకూడదూ?"

"వాళ్ళు కొట్టారు, నేను చెక్కానండి."

అప్పుడు కార్యదర్శి తొండ సరసరా మోడెక్కింది. అధ్యక్షుల వారు ఏమన్నా తలూపడం దాని ఉద్యోగం, ఏమీ అనకపోయినా ఊపడం దాని స్వభావం. అది పైదాకా వెళ్ళి, తొండలకి అలవాటే కాబట్టి, తల కిందికి పెట్టి దిగుతూ సగంలో ఆగిపోయింది.

"సార్! ఇక్కణ్ణుంచి చూస్తే మనమే గెలిచాం సార్!"

నిజమే. తలకిందులుగా చూసేవాళ్ళకి కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఇప్పవనం నూట ముప్ఫై ఒకటి, మిగతా అడవులన్నీ కలిపి ఒకటి.

"మరి గద్ద గారు తలకిందులుగా వేలాడరు కదా?" అన్నారు గండ్రాజు గారు.

"ఆయనెందుకు సార్ వేలాడ్డం? మోడునే తిప్పేస్తే పోలా?"

మర్నాడు ఏనుగులొచ్చి మోడుని పెకలించి తలకిందులుగా పాతాయి. వేళ్ళు ఆకాశంలోకి లేచాయి. మొదటి కప్పు పైకి, ఏడో కప్పు కిందికి వచ్చాయి. రెంటికీ పెద్ద తేడా లేదు కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చెక్కయ్య గూడు కూడా తిరగబడింది. వాన పడితే నీళ్ళన్నీ లోపలికే. ఆయన నోరు తెరవబోయాడు.

"గూడు ప్రభుత్వ మోడులో ఉందని గుర్తుందిగా?" అంది తొండ, తలూపుతూ.

చెక్కయ్య నోరు మూసుకున్నాడు.

గద్ద గారు వచ్చారు. వేళ్ళు చూసి, "ఇవి పైకున్నాయేం?" అని అడిగారు.

"మా చరిత్ర వేళ్ళు ఎంత లోతైనవో పదిమందికీ కనబడాలని బయట పెట్టామండి," అన్నారు గండ్రాజు గారు.

గద్ద గారు గోల్స్ లెక్కపెట్టి ముక్కు మీద రెక్కేసుకున్నారు. "నూట ముప్ఫై ఒకటి కొట్టి ఒక్కటంటే ఒక్కటే ఇచ్చారా! ఆ ఒక్కటీ ఎలా పోయింది? దాని పక్కన ఈ అడుగుముద్ర ఎవరిది?"

అందరూ తొండ వైపు చూశారు. తొండ తలూపింది. "సెల్ఫ్ గోల్ అండీ. నాగులని ఒక ముంగిస. మన గోల్లో వాడే కొట్టాడు."

"ఇంత గొప్ప జట్టుకి అదొక్కటే మచ్చన్నమాట. వాణ్ణేం చేశారు?"

ఏమీ చెయ్యలేదు కాబట్టి అప్పటికప్పుడు చేశారు. 'సెల్ఫ్ గోల్ కొట్టినవాడు ఎవడైనా సరే, జీవితాంతం సమాఖ్య ఛాయలకి రాకూడదు' అని తీర్మానం. గండ్రాజు గారు దానికింద తన గిట్ట ముద్ర వేశారు. ముద్రతో సహా దాన్ని మోడు మీద చెక్కమని చెక్కయ్యకే చెప్పారు. చెక్కయ్య చెక్కాడు. ఒక్కో అక్షరానికీ ముక్కు నొప్పి పెట్టింది, నొప్పి ముక్కులో మాత్రమే కాదు.

నాగులు అడవి అంచుకి వెళ్ళిపోతూ గూడు కింద ఆగాడు.

"వాళ్ళు అబద్ధమాడితే నాకేం బాధ లేదు మావా. వాళ్ళకదే పని. ఆ గోలు నాదని చెక్కినవాడివి నువ్వు. నువ్వు కూడా ఊరుకున్నావ్ చూడు, అదే బాధ."

చెక్కయ్య తిరగబడ్డ గూట్లోకి దూరిపోయాడు. 

గద్ద గారు బయల్దేరబోతూ ఒక సందేహం బయటపెట్టారు. "ఈ నూట ముప్ఫై ఒక్క గోల్సూ కొట్టిన మహానుభావులెవరు? వీటి పక్కన ముద్రలు లేవేం?"

"మావాళ్ళకి కీర్తి అంటే పడదండి," అంది తొండ. "అయినా రేపటికల్లా వేయిస్తాం."

ఆ రాత్రి గడిచేసరికి కీర్తి అంటే పడనివాళ్ళందరూ మోడు చుట్టూ మూగారు. గండ్రాజు గారు యాభై రెండు గోల్స్ పక్కన గిట్ట ముద్రలు వేసుకున్నారు. తొండ ఇరవై రెండు తీసుకుంది. మిగిలినవి బావమరుదులు పంచుకున్నారు. చివర్లో ఒక గోలు కోసం కోశాధికారి పందికీ దాని తోడల్లుడికీ కొట్లాట జరిగి, ఇద్దరూ చెరో సగం ముద్ర వేశారు.

గద్ద గారు ముద్రలన్నీ చూసి మురిసిపోయారు. "భేష్! ఇంతటి వీరులు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి ఈసారి పై వర్గంలో వీరే ఆడాలి. వేరేవాళ్ళని పంపితే ఒప్పుకోం," అని హుకుం జారీచేసి ఎగిరిపోయారు.

గండ్రాజు గారు నీళ్ళు నమిలారు. తొండ మొదటిసారి తల అడ్డంగా ఊపింది.

ఎనిమిదో కప్పులో ఇప్పవనం మొదటి ఆట సింహాచెరువు అడవి చిరుతలతో. ఈసారి తెప్ప మీద అందరికీ చోటు దొరికింది, ఎందుకంటే ఎక్కేవాళ్ళే ఆడేవాళ్ళు. ఆట మొదలవగానే గండ్రాజు గారు అలవాటు కొద్దీ మైదానం మధ్యలో కూర్చున్నారు. గోల్‌కీపర్ తొండ వచ్చే ప్రతి బంతికీ తలూపింది, ప్రతి బంతీ దాన్ని దాటి లోపలికెళ్ళింది. ముప్ఫై తొమ్మిది–సున్నా. చూడ్డానికి వచ్చిన ఏడడవుల జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. చెక్కయ్యకి నవ్వు రాలేదు. అడవి అంచున ఒంటరిగా రాయిని తన్నుకుంటున్న నాగులు గుర్తొచ్చాడు.

వారం తిరక్కుండా గద్ద గారు మళ్ళీ దిగారు. ఈసారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నూట ముప్ఫై ఒక్క గోల్స్ కొట్టిన కాళ్ళా ఇవి? ఈ చరిత్ర చెక్కింది ఎవరు?"

"నేనేనండి," అన్నాడు చెక్కయ్య. తొండ ఆయన గూటి వైపు చూసి తలూపింది. చెక్కయ్య కూడా గూటి వైపు చూశాడు. అందులో నిన్నటి వాననీళ్ళున్నాయి. "గూడు పోతే పోయింది," అనుకుని గొంతు పెంచాడు. "చెక్కింది నేనే, తిప్పింది వీళ్ళు. నాగులు పాదం చూడండి, తలకిందులుగా ఉంది. మోడు వేళ్ళు కిందికున్నప్పుడు చెక్కాను కాబట్టి. మోడుని సరిగ్గా నిలబెట్టి చదవండి."

ఏనుగులొచ్చి మోడుని మళ్ళీ పెకలించి, వేళ్ళు కిందికి పెట్టి పాతాయి. నాగులు గోలు ఎడమవైపు, తన చోటికి తాను వచ్చింది. చిన్న పాదం నిటారుగా నిలబడింది. కుడివైపు మళ్ళీ నూట ముప్ఫై ఒక్క చిల్లులు, ఒక్కోదాని పక్కన ఒక్కో పెద్దమనిషి ముద్ర, కాళ్ళు పైకి పెట్టి.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు గద్ద గారు. "అవతలివాళ్ళ గోల్స్ పక్కన మీ గిట్టలేం చేస్తున్నాయి? ముద్రలు దొంగవైతే మీ పదవి పోతుంది. నిజమైనవైతే, యాభై రెండుసార్లు మీ గోల్లో మీరే కొట్టుకున్నారని అర్థం. ఏది?"

గండ్రాజు గారు క్షణం ఆలోచించారు. పదవి ఒకవైపు, పరువు ఒకవైపు. ఇందులో పెద్దగా ఆలోచించడానికేముంది?

"సెల్ఫ్ గోల్సేనండి," అన్నారు గర్వంగా. "యాభై రెండూ నావే."

"ఇరవై రెండు నావి సార్," అంది తొండ.

బావమరుదులు కూడా ఒప్పేసుకున్నారు. కోశాధికారి పందీ తోడల్లుడూ చెరో సగం ఒప్పుకున్నారు. అందరూ హమ్మయ్య అనుకుని కుర్చీల్లో సర్దుకోబోతుండగా, చెక్కయ్య మోడు కొసకి ఎగిరి తానే చెక్కిన తీర్మానం మీద వాలాడు. మోడు తిరగబడ్డంతో అదిప్పుడు తలకిందులైంది. అయినా ఒక్కో అక్షరం నొప్పితో గుర్తుంది కాబట్టి ఆయన చూడకుండానే చదివాడు.

"సెల్ఫ్ గోల్ కొట్టినవాడు ఎవడైనా సరే, జీవితాంతం సమాఖ్య ఛాయలకి రాకూడదు. కింద గిట్ట ముద్ర మీదేనండి గండ్రాజు గారూ. ఇది కూడా దొంగదంటారా?"

సాయంత్రానికల్లా సమాఖ్య ఖాళీ అయిపోయింది. నాగుల్ని వెతుక్కుంటూ చెక్కయ్య అడవి అంచుకి వెళ్ళాడు.

"ఆలస్యమైందిరా అల్లుడూ. క్షమించు."

"మోడు తిప్పడానికి ఆరు ఏనుగులు కావాలి మావా," అన్నాడు నాగులు. అని కాలి కింది రాయిని ఆయన వైపు తన్నాడు. "నువ్వొక్కడివే మళ్ళీ తిప్పావు. పోన్లే, పద."

నీతి: చరిత్రని తలకిందులు చెయ్యండి, ఎవరూ ఏమనరు, దాని మీద ముద్ర మాత్రం వెయ్యకండి.