టెంపరరీ చిక్కమునియప్ప మనశ్శాంతి

దేశంలో ఆనకట్టలూ ఉక్కూ ఎరువులూ ఒక దారిన పడ్డాయి గనక, ఇక కార్మికుల మనస్సులను మరమ్మతు చెయ్యడం ఒక్కటే మిగిలిందని బెంగుళూరు తూర్పు పక్కనున్న తక్కెడల కర్మాగారం వారు 1964లో గుర్తించారు. గుర్తించిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది: "వచ్చే మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదు గంటలకల్లా కార్మికులందరి చింతలూ తొలగింపబడును." ఇందుకోసం మనశ్శాంతి అధికారి అనే కొత్త ఉద్యోగం పుట్టింది. ఆయనకు గది కావాలి గనక సైకిళ్ళ షెడ్డు కొట్టేశారు. నాలుగువందల సైకిళ్ళు ఎండలో నిలబడి టైర్లు పగులుతుంటే కార్మికులకు చింతలు పుష్కలంగా పుట్టి, పథకానికి మొదటి రోజునుంచే మంచి గిరాకీ ఏర్పడింది.

ప్రతి శాఖా వారానికొక చింతాక్రాంతుణ్ణి పంపాలని ఆజ్ఞ. ఫిట్టింగు ఫోర్‌మన్ ఓబళప్ప ఆలోచించాడు. పర్మనెంటువాణ్ణి పంపితే "మాకేమన్నా పిచ్చా?" అని యూనియను ఎగురుతుంది. టెంపరరీవాడు ఎగరడు. అందుచేత చిక్కమునియప్పను పంపాడు.

చిక్కమునియప్ప హొసకోటె మనిషి. రోజూ పన్నెండు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చి తక్కెడ ముళ్ళు నునుపు తీస్తాడు. అతను ఆకురాయి పట్టాడంటే వెంట్రుకవాసి తేడా రాదు. ఏడేళ్ళుగా టెంపరరీ. ఆరు నెలలు ఏకధాటిగా పనిచేసినవాడికి పర్మనెంటు హక్కు వస్తుందని నిబంధన. కాబట్టి ఆరు నెలలకు ఒక్క రోజు ముందు అతన్ని తీసేసి, మర్నాడు మళ్ళీ కొత్తగా చేర్చుకుంటారు. దీన్ని బ్రేకు అంటారు. ఇప్పటికి పద్నాలుగయ్యాయి. చేరిన ప్రతిసారీ ఓబళప్ప అతనికి పని నేర్పినట్టు రిజిస్టరులో రాస్తారు. నిజానికి ఓబళప్పకు నేర్పింది అతనే.

మార్చిలో పర్మనెంటు జాబితా వేస్తారు. ఈసారి పేరు రాకపోతే వయసు దాటిపోతుంది. ఆ తర్వాత వచ్చేవన్నీ బ్రేకులే.

మనశ్శాంతి అధికారి సుందరరావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన సౌమ్యుడు, మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. మెత్తని కుర్చీ చూపించి, "నీ బాధేమిటో దాచకుండా చెప్పు బాబూ," అన్నారు.

"ఒకటే ఉండాది సార్. ఏడేండ్లాయె, ఇంకా టెంపరరీగానే ఉండాను. మార్చి లిస్టులో పేరు రాకుంటే ఈ జన్మకు లేదు."

సుందరరావు గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా! బాధ ఉద్యోగంలో లేదు, నీలో ఉంది. ఈ భూమ్మీద పర్మనెంటు ఎవరు చెప్పు? రాజులు మిగిలారా? రాజ్యాలు మిగిలాయా? కళ్ళు మూసుకుని పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చు."

చిక్కమునియప్ప పీల్చాడు. కిటికీలోంచి టైర్లు కాగుతున్న వాసన వచ్చింది. కార్డులో "కారణం: అంతర్గతం" అని రాసి, ప్రతి శుక్రవారం రమ్మన్నారు.

ఏడో శుక్రవారం వెళ్ళేసరికి సుందరరావు గారే తల పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఉద్యోగమూ ఆరు నెలల మంజూరేనట. పెద్దాఫీసు పొడిగించకపోతే మార్చితో సరి. అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. పదిసార్లు ఊపిరి పీల్చారా అని అడగడం మర్యాద కాదు గనక చిక్కమునియప్ప అడగలేదు. పాపం, ఆయన్ని చూసి తన చింత ఆ పూటకు మింగేశాడు.

"బెదరొద్దు సార్. మొదటి బ్రేకుకు నేనూ ఇట్లే అయిపోతిని. తీసేసిన దినం తలకు నూనె పెట్టించుకోని, కడుపునిండా సంగటి తిని పండుకోండి. మర్నాడు వాళ్ళే పిలుస్తారు. పని వాళ్ళకు కావల్ల కదా? నాకు పద్నాలుగు తూర్లు అయ్యుండాది. ఏమన్నా చచ్చిపోతినా?"

సుందరరావు గారు ఇంటికి వెళ్ళి, తిని, పడుకుని, లేచి, నివేదిక రాశారు: "పద్నాలుగు బ్రేకులు పొందిన ఒక టెంపరరీ కార్మికుడు ఏడు వారాల చికిత్సతో సంపూర్ణ చింతారహితుడై, ఇతరులను సైతం ఊరడించగల స్థితికి చేరుకున్నాడు." పెద్దాఫీసువారు పరమానందభరితులయ్యారు. ఇంతటివాణ్ణి టెంపరరీగా ఉంచడం ఆయన మనశ్శాంతికి భంగకరమని భావించి, సుందరరావు గారిని పర్మనెంటు చేశారు.

మార్చిలో కమిటీ కూర్చుంది. చిక్కమునియప్ప అర్జీకి ఆ నివేదిక జతపడి వచ్చింది. సభ్యులు చదివి అతని గుండె నిబ్బరాన్ని ముక్తకంఠంతో కొనియాడారు. తరువాత తీర్మానించారు: "చింత గలవారు అనేకులుండగా, చింత లేనివానికి పర్మనెంటు అనవసరం." ఆ చోటు, నెలరోజులుగా కమిటీ గది ముందు గుండెలు బాదుకుంటున్న మారప్ప అనే మరో టెంపరరీకి వెళ్ళింది. అతను చేరి ఏడాదైంది.

ఆ సాయంత్రం చిక్కమునియప్ప భార్య అంజినమ్మ, మొగుడు సైకిలు దిగిన తీరు చూసే సంగతి గ్రహించింది. "ఆఫీసరుకే ధైర్యం చెప్పొచ్చినావంట గదా! ఆ కమిటీ ముందర ఒక్క తూరి ఏడ్చింటే నీ సొమ్మేం పొయ్యేది?" అని తిట్టి, అతని బదులు తనే ఏడ్చింది.

మర్నాడు చిక్కమునియప్ప ఏడవడానికే నిశ్చయించుకుని మనశ్శాంతి గదికి వెళ్ళాడు. కష్టపడనక్కరలేకుండానే కళ్ళు నిండాయి. సుందరరావు గారు గుమ్మంలోనే భుజం తట్టారు. "నీకు నయమైపోయింది కదయ్యా! నీ కార్డు మూసేశాం. ఇప్పుడు తెరిస్తే పెద్దాఫీసుకు ఏం చెప్పను?" ఆయనకు అతనంటే నిజంగానే అభిమానం.

పాఠకులకు ఇది అన్యాయంగా తోచవచ్చు. మీ ఆఫీసులోనూ ఒక టెంపరరీ ఉండే ఉంటాడు. ఎంత పని చెప్పినా నవ్వుతూ చేస్తాడు, నోరెత్తడు. "బంగారంలాంటి మనిషి, ఏ దిగులూ లేదు" అని మీరు పదిమందిలో మెచ్చుకునే ఉంటారు. కమిటీవారూ అంతకుమించి ఏమీ చెయ్యలేదు.